"మా అమ్మ మొండిది" అని అచ్చులో రాయొచ్చా?

ప్రశ్న: వచ్చే నెల మా అమ్మకి అరవై ఏళ్ళు నిండుతాయి. ఆ రోజుకి అన్నయ్యా నేనూ కలిసి నలభై పేజీల చిన్న పుస్తకం అచ్చు వేయిస్తున్నాం. పాత ఫొటోలు, చుట్టాల జ్ఞాపకాలు, మొదట్లో నేను రాసిన నాలుగు పేజీలు ఉంటాయి. 1997లో నాన్న ఉద్యోగంలో ఉండగానే పోయారు. సర్వీసు రిజిస్టర్లో అమ్మ పేరు ఒక రకంగా, రేషన్ కార్డులో ఇంకో రకంగా ఉందని ఫ్యామిలీ పెన్షన్ ఆపేశారు. అమ్మ తొమ్మిదేళ్ళు తిరిగింది. ప్రతి సోమవారం పొద్దున ఏడింటి బస్సు ఎక్కేది. చేతిలో గుడ్డసంచి, అందులో కాగితాలు, టిఫిన్ డబ్బా. మిగతా రోజులు మిషన్ కుట్టి మమ్మల్ని చదివించింది. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను. అక్కడి గుమాస్తా "నీ అంత మొండిమనిషిని నేను చూడలేదమ్మా" అన్నాడు. అమ్మ వెంటనే "మొండిదాన్ని గాకపోతే నా పిల్లలు ఏం తినాలె సారూ" అంది. 2006లో పెన్షన్ వచ్చింది. పుస్తకంలో మొదటి వాక్యమే "మా అమ్మ మొండిది" అని రాశాను. అన్నయ్య అది కొట్టేసి "మా అమ్మ గొప్ప పట్టుదల, దృఢ సంకల్పం, అకుంఠిత దీక్ష గల మహిళ" అని పెట్టాడు. అందులో తప్పేమీ లేదు, కానీ అమ్మ కనపడట్లేదు. మొండి అనేది తిట్టేనా? ఇంతకన్నా మంచి మాట ఏదైనా ఉందా?
— ఒక పాఠకురాలు, జనగామ జిల్లా

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఆ గుడ్డసంచి దగ్గర ఆగిపోయాను. తొమ్మిదేళ్ళ సోమవారాలంటే నాలుగు వందల పైమాటే. అన్నిసార్లు అదే బస్సెక్కి, అవే మెట్లెక్కి, "ఇంకా రాలేదమ్మా" అనే మాట విని తిరిగొచ్చిన మనిషికి ఏ మాట సరిపోతుందా అని నేనూ చాలాసేపు ఆలోచించాను.

ముందు అన్నయ్యగారి వాక్యం సంగతి. ఆయన భయం నాకు అర్థమైంది. చుట్టాలు, ఇరుగుపొరుగు చదివే పుస్తకంలో అమ్మ చిన్నబోకూడదన్నది ఆయన బాధ. అయితే "దృఢ సంకల్పం, అకుంఠిత దీక్ష" అన్నవి సన్మానపత్రాల్లో ఎవరి పేరు ముందైనా ఒదిగిపోయే మాటలు. రేపు ఇంకొకరి సన్మానానికీ అవే వాడతాం. అందుకే వాటిలో మీకు అమ్మ కనపడలేదు.

ఒక చిత్రం చూడండి. కుంఠితం కావడమంటే మొద్దుబారడం, పదును పోవడం. అకుంఠితం అంటే మొద్దుబారనిది. మరి పదును లేని కత్తిని మనం ఏమంటాం? మొండి కత్తి అంటాం. అంటే అన్నయ్య "పదును పోనిది" అని మెచ్చుకున్నాడు, మీరు "పదును లేనిది" అని మెచ్చుకున్నారు. మాటలు ఎదురెదురు దిక్కులకి పోతున్నా ఇద్దరూ ఒకే మనిషిని చూసి ఒకే గర్వంతో రాశారు. కాబట్టి ఈ గొడవలో ఎవరూ ఓడిపోనక్కర్లేదు.

మీరు అడిగింది "మొండి" గురించి కాబట్టి దాని దగ్గరే కాసేపు కూర్చుందాం. మొండి చెయ్యి, మొండి గోడలు, మొండెం ఇవన్నీ ఏదో ఒక భాగం తెగిపోయాక మిగిలినవి. పైకప్పు పోయినా గోడలు నిలబడి ఉంటే వాటిని మొండి గోడలంటాం. ఎంత అడిగినా వసూలు కాని అప్పు మొండి బకాయి. ఎన్ని మందులు వాడినా లొంగనిది మొండి రోగం. వీటిలో మెప్పు లేదు, నిజమే. కానీ నర్సరీకి వెళ్ళి ఏదైనా మొక్క గురించి అడిగి చూడండి. "ఇది మొండి మొక్కండీ, నాలుగు రోజులు నీళ్ళు పోయకపోయినా ఏం కాదు" అని ధైర్యం చెబుతారు. అక్కడ అదే మాట ముమ్మాటికీ మెచ్చుకోలు. ఎండకి ఓర్చుకునేది, పశువు కొరికినా మళ్ళీ చిగురించేది అని అర్థం.

భర్త పోయిన ఆడవాళ్ళని మన లోకం ఒకప్పుడు "మోడు" అనేది. ఇక చిగురు లేదు, అయిపోయింది అని ఆ మాటలోని తీర్పు. మీ అమ్మగారికీ ఎవరో ఒకరు ఆ మాట అనే ఉంటారు, కనీసం మనసులోనైనా. ఆమె మోడు కాలేదు, మొండి అయింది. తెగినచోట ఆగిపోకుండా, మిగిలినదానితో నిలబడింది. నాకు తెలిసి "మొండి"కి ఇంతకన్నా నిండైన అర్థం లేదు.

అయినా అన్నయ్య భయానికి ఆధారం ఉంది, దాన్ని దాచిపెట్టకూడదు. "మొండివాడు రాజుకన్నా బలవంతుడు" అనే సామెత మనందరికీ తెలుసు. అందులో ఉన్నది "వాడు". మగపిల్లాడు మొండివాడైతే రాజుతో పోలిక దొరుకుతుంది. ఆడపిల్ల మొండిదైతే "ఈ మొండిఘటాన్ని ఎవరు చేసుకుంటారు" అంటారు. చిన్నప్పుడు మా ఇంట్లోనూ విన్న మాటే ఇది. మా అక్క పైచదువుకి వెళ్తానని అన్నం మానేసి రెండురోజులు కూర్చుంటే ఆమెకి దొరికిన పేరు మొండిఘటం. రెండేళ్ళ తర్వాత మా అన్నయ్య అలాగే కూర్చుంటే "వీడికి పట్టుదల ఎక్కువ" అన్నారు. ఇద్దరూ కూర్చున్నది అదే మంచం మీద. అందుకే ఒక కూతురు తన తల్లిని చూపించి, తలెత్తుకుని, "మా అమ్మ మొండిది" అని అచ్చులో రాయడం నాకు చాలా అవసరమైన పనిలా అనిపిస్తోంది.

ఇక మిగతా మాటలు. మీ నాలుగు పేజీల్లో ఎక్కడ ఏది ఇముడుతుందో చూసుకోవడానికి పనికొస్తాయని కొన్నింటి గురించి చెబుతాను.

అన్నయ్య రాసిన మూడింటిలో "పట్టుదల" మాత్రం చక్కటి మాట, దాన్ని పారేయకండి. పెరుగు నుంచి పెరుగుదల, తగ్గు నుంచి తగ్గుదల, విడు నుంచి విడుదల వచ్చినట్టే పట్టు నుంచి పట్టుదల వచ్చింది. పట్టుకుని ఉండడం, అంతే. దీనికి సరిగ్గా ఎదురుమాట ఏదంటే "విడుదల". మీ అమ్మగారికి 2006లో వచ్చింది పెన్షన్ ఒక్కటే కాదు, ఆ సంచి నుంచి విడుదల కూడా. "పట్టు పట్టరాదు, పట్టి విడువరాదు" అన్న వేమన పద్యం మనం తరచూ చెప్పుకుంటాం. అందులో రెండో సగమే అందరికీ గుర్తుంటుంది. మొదటి సగం హెచ్చరిక. ప్రతిదానికీ పట్టు పట్టకు, చూసుకుని పట్టు, పట్టాక బిగించి పట్టు అంటాడు. మీ అమ్మగారు ఇంట్లో దేనికి పట్టు పట్టేది కాదు? పండక్కి కొత్త చీర కోసం పట్టు పట్టిందా? తనకి ఏది వద్దనుకుని ఆ ఒక్కదాన్నే పట్టుకుందో రాస్తే పట్టుదల అనే మాట రాయకపోయినా చదివేవాళ్ళకి తెలిసిపోతుంది.

"పంతం" వేరు. పంతానికి ఎదురుగా ఒక మనిషి ఉండాలి. పంతం పట్టినవాళ్ళకి తమ పని కావడం కన్నా ఎదుటివాళ్ళు దిగిరావడం ముఖ్యమవుతుంది. ఆ ఆఫీసులో ఎవరినైనా ఓడించాలని మీ అమ్మగారు అనుకుందా? గుమాస్తాని "సారూ" అని పిలిచిందంటే నాకు అలా అనిపించలేదు. "కసి" కూడా ఇలాంటిదే. ఈమధ్య "కసిగా చదివాడు, కసిగా ఆడాడు" అని తెగ వాడుతున్నారు. అందులో మంట ఉంటుంది, ఎవరి మీదో కోపం ఉంటుంది. మీరు చెప్పిన సంగతిలో ఆకలి ఉంది, పిల్లలున్నారు. కోపం ఉంటే ఉండొచ్చు, అది ఆమె చెప్పాలి, మీరు ఊహించి పెట్టకండి.

మీ జిల్లాలో "జిద్దు" అనే మాట ఉంది కదా. ఉర్దూలోంచి వచ్చి తెలంగాణ ఇళ్ళల్లో స్థిరపడిపోయిన మాట. వాడకట్టులో అమ్మలక్కలు మీ అమ్మగారిని "జిద్దు మనిషి" అని ఉంటే ఆ మాటని అలాగే వాళ్ళ నోటినుంచే రాయండి. పుస్తకంలోకి రాకూడని మాట కాదది. పదిమందీ కళ్ళారా చూసి పెట్టిన పేరు.

"మంకుపట్టు", "మారాం", "పెంకితనం" చిన్నపిల్లల మాటలు. పెద్దవాళ్ళకి వాడితే చిన్నచూపు. "పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు" అసలు పనికిరాదు, ఎదురుగా నాలుగో కాలు కనపడుతున్నా లేదనేవాళ్ళ కోసం పుట్టిన సామెత అది. మీ కథలో నాలుగో కాలు కనపడుతున్నా లేదన్నది ఆ రిజిస్టరే.

"మొండికేయడం" కూడా జాగ్రత్త. మొండిగా నిలబడడం, మొండికేయడం రెండూ ఒకటి కావు. మా తాతగారి బండెద్దు ఒకటి కాలువ దగ్గరికి రాగానే మొండికేసేది. కర్రతో పొడిచినా, తోక మెలిపెట్టినా లేచేది కాదు. తాతయ్య బండి దిగి, కాడి విప్పి, దాని పక్కనే గట్టుమీద కూర్చునేవాడు. అదే లేచేదాకా అరగంటైనా ఒక్క మాట అనేవాడు కాదు. ఎద్దు చేసింది మొండికేయడం. తాతయ్య చేసింది మొండిగా నిలబడడం. మొండికేసినవాళ్ళు కదలరు. మీ అమ్మగారు కదులుతూనే ఉంది, ప్రతి సోమవారం.

"దీక్ష" అనే మాటని మనం ఇప్పుడు తేలిగ్గా వాడేస్తున్నాం. అది నియమంతో, గడువుతో, నలుగురికీ చెప్పి మొదలుపెట్టేది. అయ్యప్ప మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులు. కంకణం కట్టుకోవడం అన్నదీ అలాంటిదే, తలపెట్టిన కార్యం పూర్తయ్యేదాకా మణికట్టుకి ఉన్న ఆ తోరం విప్పకూడదు. దీక్ష అనగానే మనకి పొట్టి శ్రీరాములు గుర్తొస్తారు. 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో ఆయన నిరాహార దీక్షకి కూర్చున్నారు. ఆంధ్రులకి వేరే రాష్ట్రం కావాలన్నది ఆయన కోరిక. 58 రోజులు. డిసెంబర్ 15 రాత్రి ప్రాణం పోయింది. ఆ తర్వాత నాలుగు రోజులకే ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు, 1953 అక్టోబర్ 1న అది ఏర్పడింది. దీక్ష అనే మాట బరువు అంత. మీ అమ్మగారు ఎవరికీ చెప్పి మొదలుపెట్టలేదు, గడువు పెట్టుకోలేదు. అందుకే ఆ మాట ఆమెకి నప్పలేదు. ఆమె చేసింది తక్కువని కాదు, ఆమె చేసినదాని తీరే వేరు.

"మాట మీద నిలబడడం" అని ఇంకోటి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. చీరాల-పేరాల సంగతి మీరు విన్నారో లేదో. ఆ రెండు ఊళ్ళనీ కలిపి మున్సిపాలిటీ చేసి బ్రిటిష్ ప్రభుత్వం పన్ను పెంచింది. మాకు మున్సిపాలిటీ వద్దు, పన్ను కట్టం అన్నారు జనం. ప్రభుత్వం వినలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ముందు నిలబడితే 1921లో వేలమంది ఇళ్ళకి తాళాలు వేసి, సామాన్లు సర్దుకుని ఊరే వదిలేశారు. ఊరి బయట పాకలు వేసుకుని దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండల్లో, వానల్లో పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. ప్రభుత్వం దృష్టిలో అది మొండితనం. వాళ్ళ దృష్టిలో అన్న మాట మీద ఉండడం. ఒకే పనికి పెట్టే పేరు, ఎవరు ఎటువైపు నిలబడి చూస్తున్నారన్నదాన్ని బట్టి మారిపోతుంది. గుమాస్తా కుర్చీలోంచి చూస్తే మీ అమ్మగారు మొండిమనిషి. ఆమె పక్కన నిలబడ్డ మీకు ఇంకేదో కనపడింది.

మీ జిల్లా మనిషే, చాకలి ఐలమ్మ ఉండనే ఉంది. పాలకుర్తిలో కౌలుకి తీసుకున్న భూమిలో పండించిన పంటని విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోవడానికి వస్తే, సంఘం (ఆంధ్ర మహాసభని జనం అలాగే పిలిచేవారు) అండతో నిలబడి ఆ ధాన్యాన్ని ఇంటికి చేర్చుకుంది. ఆమెకి నేనైతే "తెగింపు" అనే మాట వాడతాను. తెగింపు అంటే వెనక్కి వెళ్ళే దారిని మనమే తెంచేసుకోవడం. తెగింపు ఒక్క రోజుది, ఒక్క ఘడియది. మీ అమ్మగారిది రోజుల తరబడి సాగినది. రెండూ గొప్పవే, కలిపేయకండి.

పాత కథల్లోంచి వచ్చిన మాటలూ ఉన్నాయి. "ససేమిరా" విక్రమార్కుడి కథల్లోది. తనని నమ్మిన ఎలుగుబంటికి ద్రోహం చేసిన రాజకుమారుడు శాపం తగిలి మతి తప్పి ఆ నాలుగు అక్షరాలే పలవరిస్తూ తిరుగుతాడు. అవి నాలుగు శ్లోకాల మొదటి అక్షరాలు. ఆ కథ జనం మరిచిపోయారు, ఎంత చెప్పినా కుదరదనడానికి మాత్రం ఆ పలవరింత నిలిచిపోయింది. భీష్ముడైతే ఏకంగా క్రియాపదమే అయిపోయాడు. తండ్రి కోసం రాజ్యమూ పెళ్ళీ వద్దని ప్రతిజ్ఞ చేసిన ఆయన పేరుతోనే ఇప్పుడు "గుమ్మంలో భీష్మించుకు కూర్చుంది" అంటున్నాం. మీ అమ్మగారు ఎప్పుడైనా ఆ ఆఫీసులో సంతకం పెట్టేదాకా లేవనని కూర్చుందా? కూర్చుంటే ఆ ఒక్క రోజుకి ఈ మాట వాడండి, అతికినట్టు సరిపోతుంది.

వీటన్నిటిలో మీ అమ్మగారికి దగ్గరగా వచ్చేది నాకు విక్రమార్కుడే. చెట్టు మీది శవాన్ని దించి భుజాన వేసుకుంటాడు, నడుస్తాడు. భేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు చెప్పగానే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. రాజు తిట్టడు, కూలబడడు, వెనక్కి తిరిగి ఆ చెట్టు దగ్గరికే వెళతాడు. ప్రతి సోమవారం ఒక కొత్త ప్రశ్న: "ఈ కాగితం జిరాక్సేది? దీని మీద సంతకమేది? పై ఆఫీసునుంచి లెటరేది?" మీ అమ్మగారు ప్రతిదానికీ జవాబు తెచ్చేది. ఫైలు మళ్ళీ చెట్టెక్కేది. ఆమె మళ్ళీ వెళ్ళేది.

ఇప్పుడు మీ మొదటి వాక్యం. "మా అమ్మ మొండిది" అన్నది తీసేయకండి, చోటు మాత్రం మార్చండి. దాన్ని మీరు అంటే కూతురి అభిప్రాయంగానే ఉంటుంది. గుమాస్తా అన్నమాటగా, దానికి అమ్మ ఇచ్చిన జవాబుగా వస్తే అన్నయ్యకి అభ్యంతరం ఉండదు, ఎందుకంటే ఆ మాటని అమ్మే తలెత్తి ఒప్పుకుంది. ఇంకో సంగతి, తెలుగులో ఇలాంటి బలమంతా విశేషణాల కన్నా క్రియల్లో ఉంటుంది. "పట్టుదల గల మహిళ" అంటే ఫొటోలా కదలకుండా ఉంటుంది. వదల్లేదు, మెట్టు దిగలేదు, కొంగు బిగించింది, ఇంకో బస్సెక్కింది అంటే మనిషి నడుస్తుంది. ఉత్తరంలో మీరు నాకు రాసిన వాక్యాలే తీసి కాస్త సర్దాను, చూడండి:

"సోమవారం వస్తే మా అమ్మ పొద్దున ఏడింటి బస్సెక్కేది. చేతిలో గుడ్డసంచి. సంచిలో కాగితాలు, టిఫిన్ డబ్బా. సాయంత్రం వచ్చి డబ్బా కడిగి బోర్లించేది, కాగితాలు మళ్ళీ సంచిలోనే పెట్టేది. తొమ్మిదేళ్ళు. 'నీ అంత మొండిమనిషిని నేను చూడలేదమ్మా' అన్నాడు అక్కడి గుమాస్తా ఒకరోజు. నేను పక్కనే ఉన్నాను. 'మొండిదాన్ని గాకపోతే నా పిల్లలు ఏం తినాలె సారూ' అంది అమ్మ."

డబ్బా బోర్లించడం నేను కలిపాను. నిజం కాకపోతే కొట్టేసి, ఆమె ఇంటికొచ్చి ఏం చేసేదో అది రాయండి. అమ్మ మాటని మాత్రం పుస్తకాల భాషలోకి మార్చకండి. "గాకపోతే", "తినాలె" అలాగే ఉండాలి. ఆ రెండు మాటలు సరిదిద్దితే అమ్మ గొంతు పోతుంది. దీని తర్వాత పేజీలో ఎక్కడో ఒకచోట అన్నయ్య రాసిన "పట్టుదల" ఒక్కసారి రానివ్వండి. పుస్తకం ఇద్దరిదీ కదా, ఆయన మాట కూడా ఉండాలి.

ప్రెస్సుకి ఇచ్చేముందు ఆ నాలుగు పేజీలు అమ్మకి చదివి వినిపించండి. సర్‌ప్రైజ్ పోతుందని ఆగకండి. ఆ తొమ్మిదేళ్ళు ఆమెవి. నలుగురూ చదవడం ఆమెకి ఇష్టం లేని సంగతి అందులో ఏదైనా ఉండొచ్చు, మీకు తెలియని సోమవారాలూ ఉండొచ్చు. "మొండిది" దగ్గరికి వచ్చినప్పుడు కాగితం మీదనుంచి తలెత్తి ఆమె మొహం చూడండి. నవ్వితే ఉంచండి. మొహం చిన్నబోతే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా తీసేయండి, నేను ఇంతసేపు చెప్పిందంతా పక్కన పెట్టేయండి.

ఆ గుడ్డసంచి ఇంకా ఇంట్లో ఉందా? ఉంటే దాన్ని ఉతక్కుండా, ఇస్త్రీ చేయకుండా, ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసి మొదటి పేజీకి ఎదురుగా వేయించండి.